పంజరం నిండా కానుకలు

మా రాజోలు వైపు నుంచి ఇళ్ళలో పనికి గల్ఫు వెళ్ళే ఆడపిల్లలు బయలుదేరే ముందు నా దగ్గరికి వస్తారు. వీసా ఇచ్చి పనిలో పెట్టుకునే కఫీలు ఎలాంటివాడై ఉంటాడు, ఫోను ఉండనిస్తారా, అన్నం దొరుకుతుందా అని అడుగుతారు. అడగవలసినవే. అన్నిటికీ జవాబు చెప్పి, చివర నేనొకటి అడుగుతాను: "చిలకని మచ్చిక చెయ్యడం వచ్చా?" అని. ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వు ఆపుకుంటారు. ముసలిదానికి మతి తప్పిందనుకుంటారు కాబోలు.

ఇల్లు తుడవడం, అంట్లు తోమడం మీకు ఒకరు నేర్పక్కర్లేదు. అసలు పని అది కాదు. ఏదో ఒక రోజు ఆ ఇంటివాళ్ళు ప్రాణమున్నదాన్ని తెచ్చి మీ చేతిలో పెడతారు. పసిబిడ్డ కావచ్చు, మంచం పట్టిన ముసలమ్మ కావచ్చు. అక్కడి నుంచే మీ పని మొదలు. నేను మదీనాలో పిల్లల్ని పెంచాను, ఆ తరువాత ఇంకో ఇంట్లో పెద్దావిడకు చాకిరీ చేశాను, చిట్టచివర ఖతీఫులో చిలక నా పాల పడింది. ముందు రెండూ నేర్పనిది ఆ చిలక నేర్పింది. అందుకని దాని సంగతే రాస్తున్నాను. నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని. అక్షరం వంకర పోతే సర్దుకుని చదవండి.

సుక్కర్ వచ్చింది

ఖతీఫు సౌదీ తూర్పు తీరాన ఉంది. నేను పనిచేసిన ఇల్లు సముద్రానికి దగ్గర. బాబా జాసిం, ఆయన భార్య మామా హనాన్, వాళ్ళ కూతురు మరియం. యజమానిని బాబా అనీ, యజమానురాలిని మామా అనీ పిలవడం అక్కడి ఆనవాయితీ, మన కంటే వయసులో చిన్నవాళ్ళైనా సరే. మరియంకి అప్పటికి తొమ్మిదేళ్ళు ఉంటాయి. అన్నలిద్దరూ పై చదువులకు రియాదు వెళ్ళిపోతే ఇల్లంతా తనొక్కతే. నన్ను ఖాలా అనేది, అంటే పిన్ని అని. ఇంట్లో మాటలన్నీ అరబ్బీలోనే. మీకోసం ఇక్కడ తెలుగు చేసి రాస్తున్నాను.

ఆ పిల్ల ఎంతకాలంగానో చిలక కావాలని పోరితే, చలికాలం పరీక్షలు బాగా రాసినందుకు బాబా కొనిచ్చాడు. మన పచ్చ చిలక కాదు. బూడిద రంగు ఒళ్ళు, ఎర్ర తోక. అక్కడ దాన్ని కాస్కో అంటారు. ఇంకా పిల్లది. మొన్నమొన్నటి దాకా దుకాణంవాడు చెంచాతో మేపినది. మరియం దానికి సుక్కర్ అని పేరు పెట్టింది, అంటే పంచదార. వారం తిరక్కుండా అది మామా పెదవి కొరికింది. బాబా వేలు కొరికింది. పంజరం కడగడం నా వంతు కనుక నా చేతులు ఎలా ఉండేవో చెప్పనక్కర్లేదు.

"పంచదార కాదు ఇది, మిరపకాయ," అన్నాడు బాబా, వేలు నోట్లో పెట్టుకుని.

దుకాణంలో మనిషి భుజం మీద కూర్చున్న పిట్ట ఇంటికి రాగానే ఎందుకిలా అయిందో ఎవరికీ తెలియలేదు. చెయ్యి పంజరంలో పెడితే మూలకు నక్కేది. ఇంకా ముందుకు పెడితే కండ ఊడేలా కరిచేది. ఒకరోజు బాబా అన్నం దగ్గర తీర్పు చెప్పేశాడు. "బక్రీదుకి బంధువులంతా వస్తారు. అప్పటికి ఇది బుద్ధిగా చేతి మీదికి రాకపోతే దుకాణానికి తిరిగిచ్చేస్తాను. పసిపిల్లల కళ్ళు పొడిస్తే ఎవరు జవాబు చెప్తారు?"

మాట అన్యాయమైనది కాదు. కానీ మరియం పళ్ళెం వదిలి లేచిపోయింది. వెతికితే పంజరం పక్కన నేల మీద కూర్చుని ఉంది. ఏడుపు లేదు. చిలకకేసి చూస్తూ, "ఖాలా, దానికి నేనంటే ఇష్టం లేదా?" అంది. పిల్లలు ఏడిస్తే ఊరుకోబెట్టగలను. ఇలా అడిగితేనే నాకు చేతకాదు.

చదివింపులు

మన పెళ్ళిళ్ళలో స్టీలు బిందె మీద పేరు కొట్టించి చదివిస్తాం. అది అటక మీదికి పోతుంది. ఇచ్చినవాళ్ళు మళ్ళీ దాని మొహం చూడరు, అడగరు. నేను పనిచేసిన ఇళ్ళలో అలా కాదు. బిడ్డ పుట్టినా, ఇల్లు మారినా, ఇంటికి కొత్తది ఏది వచ్చినా చుట్టాలు కానుకతో చూడవస్తారు. ఆ తరువాత ఎప్పుడు వచ్చినా ముందు వాళ్ళ కళ్ళు ఆ కానుకనే వెతుకుతాయి. కనబడితే సంతోషం. కనబడకపోతే మాట అనరు గానీ కాఫీ సగంలో వదిలేస్తారు. ఆ సగం కప్పు కడిగేది మనమే కనుక ఇవన్నీ మనకు తెలుస్తాయి.

చిలకను కూడా అలాగే చూడవచ్చారు. ఒకరు అద్దం తెచ్చారు, ఒకరు రంగు ప్లాస్టిక్ గొలుసు, ఒకరు పోగులు వేలాడే నూలుతాడు, ఒకరు గుడ్డ ఎలుగుబంటి. హజ్జు యాత్ర చేసివచ్చిన బాబా అక్క, బద్రియా హజ్జా, తెచ్చినది అన్నిటికంటే పెద్దది. బంగారు పూత ఉయ్యాల, చుట్టూ చిట్టి చిట్టి గంటలు. ఆవిడంటే బాబాకే భయం. తల్లి పోతే ఆయన్ని పెంచింది ఆవిడే. అన్నీ పంజరంలోనే వేలాడదీశాం. లోపల పిట్ట రెక్క విప్పితే గంట మోగేది. మోగితే అది బెదిరేది. బెదిరి అటు జరిగితే ఎలుగుబంటి.

ఇప్పుడు రాస్తుంటే ఎంత తేలిగ్గా తెలిసిపోతోందో. అప్పుడు ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు. కానుక ఎక్కడ ఉండాలో అక్కడే ఉందని అందరం నిశ్చింతగా ఉన్నాం.

రాజన్న వేళాకోళం

ఒక పొద్దున్న సుక్కర్ ఒంటికాలి మీద నిలబడి ఉంది. రెండో కాలి వేలికి నూలుపోగు చుట్టుకుని వేలు వాచిపోయింది. పంజరంతో సహా పశువుల డాక్టరు దగ్గరికి బయలుదేరాం. మామా, మరియం వెనక సీట్లో. నేను ముందు, ఒళ్ళో పంజరం. బండి నడిపేది జగిత్యాల రాజన్న. రియాదు దగ్గర సులైలో ఏదో కంపెనీ క్యాంపులో చాలాకాలం ఉండి, తరువాత ఈ ఇంట్లో డ్రైవరుగా కుదిరాడు.

పంజరంలోకి తొంగి చూసి రాజన్న నవ్వడం మొదలుపెట్టాడు. "ఏందక్కా గీ దర్బారు! సులైల ఒక్క రూముల పదిమందిమి ఉంటుంటిమి. గప్పుడు గూడ గిన్ని సామాన్లు లెవ్వు."

"నువ్వు రోడ్డు చూసి తోలవయ్యా."

"చూస్తున్న గని. ఇంతకు కర్సుడు మానిందా లేదా?"

"మానితే నాకీ గుడ్డపీలికలు ఏటి చేతులకి?"

"ఒక్క పూట కడుపు ఎండబెట్టుండ్రి. దెబ్బకు దారికొస్తది."

"సులైలో నీకు ఓ నెల మెస్సులో కూడు పెట్టలేదన్నావు కదా. దారికొచ్చావేటి?"

"ఏడికెల్లి అక్కా? కంపెనోణ్ణి తిట్టి తిట్టి పెట్టిన." బండి మలుపు తిప్పుతూ మళ్ళీ తనే అన్నాడు. "గా రూముల ఎవ్వని చెయ్యి ఎవ్వనికి తగిలినా కొట్లాటే ఉండె. మంచోళ్ళమేనే అందరం. మెసల జాగ లేకుంటె ఎవడైన కరుస్తడు."

నవ్వుతూ అన్నమాటే. నాకు నవ్వు రాలేదు. ఒళ్ళో ఉన్న పంజరంలోకి చూశాను. గంటలూ గొలుసులూ అద్దమూ ఎలుగుబంటీ పోగా ఆ పిట్టకు మిగిలిన చోటు నా అరచేతంత.

డాక్టరు ఈజిప్టువాడు, నిదానస్తుడు. తువ్వాలులో పిట్టను చుట్టి, సన్న కత్తెరతో పోగు తెంపాడు. వేలు దక్కింది. తరువాత బొమ్మలు ఒక్కొక్కటే బయటికి తీసి మాకు పాఠం చెప్పాడు. ఆయన చెప్పినవే నేను మీకు చెబుతున్నాను. పోగులూడే తాడు వద్దు, కాలికీ మెడకీ చుట్టుకుంటుంది. గోటితో గీకితే రాలే పూత ఏదైనా వద్దు, అది కడుపులో విషం. గంటలో నాలుక ఊడివచ్చేదైతే వద్దు, మింగుతుంది. గొలుసు రింగులో వేలు ఇరుక్కునేలా ఉండకూడదు. రెండో మూడో బొమ్మలు చాలు, అవీ మార్చి మార్చి పెట్టాలి. పొగ దగ్గరికి రానివ్వకూడదు. అంటుకోని పూత ఉన్న పెనం ఖాళీగా మాడితే ఆ ఆవిరికే పిట్ట చచ్చిపోతుంది.

మామా అంతా విని, "డాక్టరుగారూ, ఇవన్నీ కానుకలు," అంది.

"మా ఇంట్లో కూడా మేనత్తలున్నారమ్మా," అన్నాడు ఆయన. "వాళ్ళకు మందు నేను చదువుకోలేదు."

అద్దాల బీరువా

పరాయి ఇంట్లో ఏదీ మీ అంతట మీరు పారెయ్యకండి. చిరిగినదైనా, విరిగినదైనా, విషమైనా సరే. ఆ బొమ్మలు చెత్తబుట్టలో పడేస్తే నాకు ఐదు నిమిషాల పని. ఆ తరువాత ఆ ఇంట్లో నేను ఉండే పని లేదు.

ఆడవాళ్ళు కూర్చునే హాల్లో ఒక అద్దాల బీరువా ఉండేది. అందులో మామా అత్తగారి పాత ఇత్తడి కాఫీ కెటిలు, అత్తరు సీసాలు. ఇంటికి పరువైనవన్నీ అందులోనే. "మామా, కానుకలు ఇందులో పెడదాం. పంజరంలోకంటే ఇక్కడే బాగా కనబడతాయి," అన్నాను.

మామా తల అడ్డంగా ఊపింది. "బద్రియా వదిన పిట్టకు తెచ్చింది, బీరువాకు కాదు."

"బక్రీదు దాకా పెట్టి చూద్దాం. పిట్ట దారికి రాకపోతే ఆ బొమ్మలూ పోతాయి కదా దానితో."

ఒప్పుకుంది. బంగారు ఉయ్యాల అత్తగారి కెటిలు పక్కన కూర్చుంది. ఎలుగుబంటి అత్తరు సీసాలకు కాపలా. పంజరం బోడిగా అయిపోయింది. మరియం కొత్త బొమ్మలు కొందామంది.

"డబ్బు దండగ. ఇంట్లో లేనివేమిటి?" అన్నాను. చిలకకు బొమ్మంటే చీల్చడానికో, కొరకడానికో, వెతకడానికో పనికి రావాలి. అందానికి కాదు. బాబా వాళ్ళ ఖర్జూరం తోట ఉంది. మందు కొట్టని చెట్టు ఏదో తోటమాలిని అడిగి, దాని ఆకులు తెప్పించి, కడిగి ఎండబెట్టాను. చిన్నప్పుడు కొబ్బరాకుతో బూరలూ బుట్టలూ అల్లిన చేతులే కదా, ఖర్జూరపాకు మాత్రం మాట వినదా? బుల్లి బుట్ట అల్లి, లోపల పొద్దుతిరుగుడు గింజ దాచి, తుప్పు పట్టని స్టీలు కొక్కేనికి తగిలించాం. ఆకు ఈనెలు ముక్కలు కోసి ఇచ్చాం. జిగురూ సిరా లేని కాగితం ఉండలు చుట్టి ఇచ్చాం. సుక్కర్ రెండు రోజులు వాటికేసి అనుమానంగా చూసింది. మూడోనాడు బుట్టను పీలికలు చేసింది. మరియం చప్పట్లు కొట్టింది. నాకు మాత్రం అల్లిక పోయినందుకు కొంచెం ఉక్రోషం వచ్చింది. కానీ ఆకుకు ఖర్చు లేదు కనుక ఓర్చుకున్నాను.

చెంచా, పుల్ల, చెయ్యి

చోటు దొరికాక పిట్ట కుదుటపడింది. కానీ చేతిని ఇంకా నమ్మలేదు. నమ్మకం పంజరం బయటి నుంచే మొదలవ్వాలి. మరియంని పంజరం పక్కన కూర్చుని బడి లెక్కలు చేసుకోమన్నాను. పిట్ట వైపు చూడకూడదు, చెయ్యి పెట్టకూడదు. "ఊరికే కూర్చుంటే ఎలా మచ్చిక అవుతుంది ఖాలా?" అని సణిగింది. "ఊరికే కూర్చోవడమే కష్టమైన పని, చెయ్యి చూద్దాం," అన్నాను.

చెంచా మాత్రం మరియం ఆలోచనే. దుకాణంలో దాన్ని చెంచాతో మేపారు కదా, చెంచా అంటే భయం ఉండదు కదా అంది. నాకు తట్టనే లేదు. పొడుగు చెంచాలో మెత్తగా ఉడికించిన గుమ్మడికాయ పెట్టి ఊచల మధ్య నుంచి చాపింది. సుక్కర్ మెడ సాచి, చంటిపిల్లలా తల ఊపుతూ తిన్నది. ఆ పిల్ల మొహం ఆ వేళ చూడవలసింది.

తరువాత పంజరం తలుపు తీసి చెంచా. తరువాత ఖర్జూరపు ఈనె పుల్ల దాని పొట్ట కింద ఆనిస్తే పుల్ల మీదికి అడుగు. తరువాత పుల్ల పొట్టిదైంది. చివరికి పుల్ల పక్కన వేలు. ఈకలు ఒంటికి బిగించినా, కంటిపాప చిన్నదీ పెద్దదీ అవుతున్నా ఆ పూటకి ఆపెయ్యాలి. కరిచినా కేక పెట్టకూడదు, చెయ్యి లాక్కోకూడదు. మనం గంతులు వేస్తే దానికి వినోదం, మర్నాడు మళ్ళీ కరుస్తుంది. పిల్లది కదా, మరియం చెయ్యి ఎప్పుడూ తొందరపడేది. పడినప్పుడల్లా నేను తెలుగులోనే అనేదాన్ని, "నిదానం!" అని. కాస్త గట్టిగానే అంటాను, నా గొంతు తీరే అంత. మరియంకి తెలుగులో ఆ ఒక్క మాట బాగా వచ్చేసింది.

తప్పు చేతొడుగుది

బాబా మంచివాడు, కానీ తొందర మనిషి. ఫోను ఛార్జింగు నిండకముందే పీకేస్తాడు. పిట్ట కూతురి వేలెక్కిందని విని, ఒక సాయంత్రం తోటపని చేతొడుగులు వేసుకుని వచ్చి, మేము చూసేలోపు దాన్ని గుప్పిట్లో పట్టేశాడు. అది అరిచిన అరుపు వీధికి వినబడింది. మర్నాడు మరియం వేలు చూసినా పంజరం పైకెక్కి కూర్చుంది. బక్రీదు దగ్గర పడుతోంది. మళ్ళీ చెంచా దగ్గర్నుంచి మొదలు.

యజమాని తప్పు చేసినప్పుడు ఏం చెయ్యాలో మీకు ఎవరూ చెప్పరు. ఊరుకుంటే మళ్ళీ చేస్తాడు. మీది తప్పంటే మనసులో పెట్టుకుంటాడు. నేను ఆ చేతొడుగులు తీసుకుని ఆయన ముందు పెట్టి, "బాబా, ఈ చేతొడుగంటే దానికి భయం. మీ చెయ్యంటే కాదు. ఇవి రాజన్నకి ఇచ్చేస్తే మంచిది," అన్నాను.

ఆయన నన్నూ చేతొడుగులనీ మార్చి మార్చి చూశాడు. "అవును, ఇవి దళసరిగా ఉన్నాయి," అన్నాడు. రాజన్నకు వెళ్ళిపోయాయి. తప్పు ఎప్పుడూ చేతొడుగు మీద పెట్టండి, చేతి మీద పెట్టకండి. పెద్దింట్లో నెగ్గుకు రావడానికి నాకు తెలిసిన విద్య ఇదొక్కటే.

బక్రీదు

పండగ నాటికి సుక్కర్ మళ్ళీ మరియం పుల్ల దాకా వచ్చింది. ఆ రోజు ఇల్లు నిండిపోయింది. బుఖూరు ధూపం అతిథులకు తిప్పడం నా పని. పొగ పిట్టకు తగలకుండా దాన్ని లోపలి గదిలో ఉంచి, తలుపు మూసి, కిటికీ తెరిచాం. పొగంతా పోయి కాఫీలు అయ్యాక, బద్రియా హజ్జా హాలంతా కలయజూసి, "మరియమూ, నీ పిట్ట ఏది?" అంది.

మరియం పంజరం తెచ్చింది. ఆవిడ దాని చుట్టూ ఒకసారి తిరిగింది. "నా ఉయ్యాల ఏది?"

మామా కాఫీ పొయ్యడం ఆపి నా వైపు చూసింది. మరియం బీరువా చూపించింది. ఆవిడ అద్దంలోంచి ఉయ్యాలనీ, పక్కన తన తల్లి కాఫీ కెటిలునీ చూసింది. "పిట్ట కోసం తెస్తే అద్దాల్లో పెట్టారా?"

"ఆ పూత గీకి తింటే చచ్చిపోతుందని డాక్టరు చెప్పాడు అత్తా," అంది మరియం.

"అయితే నేను విషం తెచ్చానన్నమాట."

నాలుక చివరిదాకా మాట వచ్చింది నాకు. మింగేశాను. అది నేను మాట్లాడే చోటు కాదు. తండ్రి మాట ఇంకా తల మీద వేలాడుతోంది కనుక ఆ పిల్లే మాట్లాడాలి. మరియం అత్త ఎదురుగా వచ్చి నిలబడింది. "మీరు ప్రేమతో తెచ్చారు. అందుకే నానమ్మ కెటిలు పక్కన పెట్టాం," అంది. "మీరు కూర్చోండి అత్తా. ఉంగరాలు తీసెయ్యండి. సుక్కర్‌ని మీకు చూపిస్తాను."

బద్రియా హజ్జాని ఉంగరాలు తియ్యమన్నవాళ్ళు అంతవరకూ ఎవరూ లేరు. ఆవిడ ఒక్కొక్కటే తీసి మామా చేతిలో పెట్టింది. మరియం ఈనె పుల్ల ఆవిడ చేతికిచ్చి, పట్టుకోవడం చూపించి, తలుపు తీసింది. సుక్కర్ పుల్ల మీదికి దిగింది. పుల్ల మీద నుంచి ఆవిడ మణికట్టు మీదికి నడిచింది. ఈకలు వదులుగానే ఉన్నాయి. ఆవిడ ఊపిరి బిగబట్టింది. హాలంతా బిగబట్టింది.

సరిగ్గా అప్పుడే బాబా, ఆడవాళ్ళ హాలు కనుక రివాజు ప్రకారం తలుపు బయట నుంచి దగ్గి, ధడాలున తలుపు తీసి, "అక్కా! ఈద్ ముబారక్!" అంటూ లోపలికి దూసుకొచ్చాడు.

సుక్కర్ ఆయన వైపు తల తిప్పింది. "నిదానం!" అంది. నా గొంతే. నా విసురే.

అంతకుముందు అది ఒక్క మాట పలికి ఎరగదు. బాబా నిలబడిపోయాడు. అందరూ నా వైపు చూశారు. "ఏమంది?" అని అడిగింది హజ్జా.

చీర కొంగు సర్దుకుని చెప్పాను. "షువయ్య, షువయ్య అంది హజ్జా. మెల్లగా అని."

ఆవిడ నవ్వింది చూడండి, చెయ్యి కదలకుండా ఒళ్ళంతా కదిలేలా. "వీణ్ణి పెంచినప్పటి నుంచీ ఆ మాటే చెబుతున్నాను. విన్నాడా? ఇన్నాళ్ళకు చెప్పేవాళ్ళు ఇంట్లో ఉన్నారు. జాసిం, ఈ పిట్టని ఎక్కడికైనా పంపావో, నేను నీ గుమ్మం తొక్కను." కాఫీ ఇంకొక కప్పు అడిగింది. అడుగంటా తాగింది. ఆ కప్పు నేనే కడిగాను.

ఇక వచ్చేశాను

నా మోకాళ్ళు మొరాయించాక అక్కడ ఉండనిచ్చే ఇకామా చీటీ పొడిగించవద్దని, ఇంటికి పంపేసే ఖురూజు ముద్ర కొట్టించమని బాబానే అడిగాను. ఇంటికొచ్చి చాలాకాలమైంది. మరియం ఇప్పుడు నాకంటే పొడుగైంది. అప్పుడప్పుడు వీడియోలో పిలిచి సుక్కర్‌ని చూపిస్తుంది. ఆకు బుట్టలు తనే అల్లుతుంది, అల్లిక వంకరే గానీ పిట్టకు పట్టింపు లేదు. బంగారు ఉయ్యాల ఇంకా కెటిలు పక్కనే ఉందట.

బాబా తొందరగా తలుపు తోసినప్పుడల్లా అది "నిదానం" అంటుందట. ఆయన ఆగి, మెల్లగా తలుపు వేసుకుంటాడట. నేను అక్కడ ఉండగా ఆ మాట ఆయనతో అనే ధైర్యం నాకు ఏనాడూ లేకపోయింది. ఇప్పుడు నా గొంతు రోజూ అంటోంది, పైగా జీతం లేకుండా.

వెళ్ళి రండి అమ్మాయిలూ. నిదానం.